హత్య, మనసు, బాధ్యత: ప్రాసిక్యూటరుకూ మానసిక వైద్యురాలికీ ఒక సంవాదం

నేరారోపణ ఎదుర్కొంటున్న మనిషి మానసిక స్థితిని పరీక్షించి, తేలిన సంగతిని కోర్టుకు చెప్పే వైద్యశాఖ ఫోరెన్సిక్ సైకియాట్రీ. హత్య కేసుల్లో దాని ముందుకు మూడు ప్రశ్నలు వస్తాయి. చంపే సమయానికి ముద్దాయికి తాను చేస్తున్నదేమిటో తెలుసా? ఇప్పుడు బోనులో నిలబడి తన కేసు తాను అర్థం చేసుకోగలడా? శిక్ష ఖరారు చేసేటప్పుడు అతని మానసిక చరిత్రను లెక్కలోకి తీసుకోవాలా? మొదటిది గడిచిపోయిన క్షణానికి సంబంధించింది, రెండోది ఈ రోజుకు, మూడోది అతనికి మిగిలిన జీవితానికి.

కడప జిల్లా పశ్చిమ భాగంలో ఈ ప్రశ్నలకు బరువెక్కువ. ముగ్గురాయి గనులూ, తుమ్మలపల్లె యురేనియం గనీ ఉన్న వేముల మండలం మొదలుకొని పులివెందుల, జమ్మలమడుగు, ప్రొద్దుటూరు దాకా హత్య అనగానే పెద్దలకు గుర్తొచ్చేది ఫ్యాక్షన్, అంటే వర్గాల మధ్య కక్ష. జిల్లాకు దక్షిణాన పొరుగునే ఉన్న మదనపల్లెలో 2021లో జరిగిన జంట హత్యలు దీనికి పూర్తిగా భిన్నమైనవి. ఒకే సీమలో పుట్టిన ఈ రెండు రకాల హత్యలను పక్కపక్కన పెట్టి చూస్తే హంతకుడి మనసు గురించిన చర్చ మొత్తం కళ్ళముందుకొస్తుంది. కింది సంవాదంలో పూర్వపక్షం పులివెందుల, వేముల వైపు కేసులు నడిపిన పబ్లిక్ ప్రాసిక్యూటరుది. ఉత్తరపక్షం కడపలో పనిచేసే మానసిక వైద్యురాలిది. ప్రస్తావనకొచ్చే కేసులు వాస్తవమైనవి. వాదులిద్దరూ రెండు వృత్తులకు ప్రతినిధులు.

చట్టం అడిగే ప్రశ్న

ప్రాసిక్యూటరు: కొడవలి పట్టిన ప్రతివాడికీ ఏదో ఒక జబ్బు పేరు పెట్టొచ్చు డాక్టరమ్మా. పేరు పెట్టినాక బాధ్యత ఎవరిది? చచ్చినవాడి ఇంట్లోవాళ్ళు ఎవరినడగాలి? ఈ చిక్కు చట్టానికి కొత్తగాదు. 1843లో లండన్‌లో డేనియల్ మెక్‌నాటన్ అనేవాడు ప్రధాని రాబర్ట్ పీల్ కార్యదర్శి ఎడ్వర్డ్ డ్రమండ్‌ను కాల్చి చంపినాడు. ప్రభుత్వ పార్టీ తనను వెంటాడుతోందని అతని నమ్మకం. మతిస్థిమితం లేదని జ్యూరీ వదిలేస్తే దేశమంతా గగ్గోలెత్తింది. అప్పుడు న్యాయమూర్తులు చెప్పిన సూత్రాలే 1860 నాటి భారత శిక్షాస్మృతిలో 84వ సెక్షనైనాయి. 2024 జూలై 1 నుంచి భారతీయ న్యాయ సంహితలో అదే 22వ సెక్షన్. మతిస్థిమితం లేనందువల్ల తాను చేస్తున్న పని స్వభావం తెలియకపోయినా, అది తప్పని లేదా చట్టవిరుద్ధమని తెలియకపోయినా నేరం కాదు. ఆ స్థితి ఉన్నది కూడా చంపే సమయానికే అయివుండాల. ముందెప్పుడో మాత్రలు మింగినాడని చీటీ చూపిస్తే చాలదు.

వైద్యురాలు: జబ్బున్నంత మాత్రాన నేరం మాఫీ కావాలని వైద్యులెవరూ అనరు సార్. అభ్యంతరం వేరే చోట ఉంది. చట్టం ‘తెలుసా, తెలియదా’ అని అడుగుతుంది. తీవ్రమైన మానసిక జబ్బు తెలివిని చెరిపేయడం అరుదు. స్కిజోఫ్రీనియా ఉన్న మనిషికి కత్తి తెగుతుందని తెలుసు, మనిషి చస్తాడనీ తెలుసు. జబ్బు దెబ్బతీసేది నమ్మకాన్ని, భయాన్ని, అదుపును. ఎదురుగా ఉన్న అన్న తనకు రోజూ అన్నంలో విషం పెడుతున్నాడన్న నమ్మకం ఒకడిలో గడ్డకట్టిందనుకోండి. వాడు చేసేది వాడి లెక్కలో ఆత్మరక్షణ. కత్తి సంగతి వాడికి తెలుసు కాబట్టి బాధ్యుడే అని సెక్షన్‌ను మాటకు మాట చదివితే, జబ్బు ఉన్న చోటును వదిలిపెట్టి లేని చోట వెతికినట్టవుతుంది.

ప్రాసిక్యూటరు: ఆ సంగతి కోర్టులకు తెలుసు కాబట్టే రుజువు విషయంలో కొంత సడలింపు ఇచ్చినాయి. మతిస్థిమితం లేదని చూపించే భారం ముద్దాయిదే. కానీ నేను సందేహానికి తావులేకుండా నిరూపించాల్సినంత గట్టిగా అతను నిరూపించనక్కర్లేదు. అలా ఉండే అవకాశమే ఎక్కువని చూపిస్తే చాలు. 1964లో దహ్యాభాయ్ ఠక్కర్ కేసులో సుప్రీంకోర్టు ఇదే చెప్పింది. చంపకముందు, చంపేటప్పుడు, చంపినాక అతని నడత ఎట్లుందో చూడమంది. ఆయుధం ముందే తెచ్చుకున్నాడా? చంపి పారిపోయినాడా? రక్తపు గుడ్డలు దాచినాడా? వీటికి జవాబు దొరికితే మనసు లోపల చూడకపోయినా సగం సంగతి తెలుస్తుంది.

మదనపల్లె: నమ్మకం ఎక్కడ జబ్బవుతుంది?

2021 జనవరి 24న అప్పటి చిత్తూరు జిల్లా మదనపల్లెలో, చదువు చెప్పే వృత్తిలో ఉన్న దంపతుల ఇంట్లో వాళ్ళ ఇద్దరు కూతుళ్ళు హత్యకు గురయ్యారు. ఇద్దరూ ఎదిగిన ఆడపిల్లలు, చదువుకున్నవాళ్ళు. వాడినవి డంబెల్, త్రిశూలం. కలియుగం ముగిసి సత్యయుగం మొదలవుతుందని, పిల్లలు మళ్ళీ బతికి వస్తారని తల్లిదండ్రులు పోలీసులకు చెప్పారు. తిరుపతి రుయా ఆస్పత్రి వైద్యులు చూశాక ఇద్దరినీ విశాఖపట్నంలోని ప్రభుత్వ మానసిక వైద్యశాలకు పంపారు.

వైద్యురాలు: స్వయంగా పరీక్షించని మనిషికి జబ్బు పేరు పెట్టడం వైద్యధర్మం కాదు. అందుకని ఆ దంపతుల గురించి తీర్పులాంటి మాట ఏదీ చెప్పకూడదు. అటువంటి సంఘటనను వైద్యం ఎట్లా చూస్తుందో మాత్రం చెప్పొచ్చు. కన్నబిడ్డలను చంపిన కేసులను అమెరికా వైద్యుడు ఫిలిప్ రెస్నిక్ 1969లో ఐదు రకాలుగా విడదీశాడు. బిడ్డ మేలుకోరి చంపుతున్నామనుకునేది ఒకటి. మతి చెదిరిన స్థితిలో చంపేది రెండోది. అక్కర్లేని బిడ్డను వదిలించుకోవడం, కొట్టబోయి ప్రాణం తీయడం, భాగస్వామి మీద పగ తీర్చుకోవడం మిగతావి. మొదటి రెండింటిలో ద్వేషం ఉండదు, దాచుకోవడమూ తక్కువే. మీరు చెప్పిన నడత పరీక్ష ఇక్కడ పెట్టండి. పారిపోయిన జాడ లేదు. శవాలను మాయం చేసే ప్రయత్నం లేదు. పైగా బతికి వస్తారన్న ఎదురుచూపు.

ప్రాసిక్యూటరు: ఒకరికి మతి చెదిరిందంటే ఒప్పుకుందాం. ఇంట్లో ఇద్దరికీ ఒకేసారి, ఒకే కథతో ఎట్లా చెదురుతుందమ్మా?

వైద్యురాలు: ఆ ప్రశ్నకు వైద్యం 1877లోనే జవాబు చెప్పింది. ఫ్రాన్సులో లసేగ్, ఫాల్రే అనే ఇద్దరు వైద్యులు పంచుకున్న ఉన్మాదాన్ని వర్ణించారు. ఒకరిలో పుట్టిన భ్రమ, వాళ్ళతో అతి దగ్గరగా బతికే ఇంకొకరికి అంటుకుంటుంది. ఇల్లు బయటి ప్రపంచానికి మూసుకుపోయి ఉండటం దానికి అనువైన పరిస్థితి. ఇద్దరినీ వేరుచేసి ఉంచితే అంటుకున్నవారిలో భ్రమ చాలాసార్లు తగ్గుముఖం పడుతుంది, మూలంగా ఉన్నవారికి మందులు కావాలి. అందుకే అటువంటి కేసుల్లో వైద్యులు మొదట చేసే పని ఇద్దరినీ విడివిడిగా ఉంచి గమనించడం.

ప్రాసిక్యూటరు: అయినా పెద్ద చిక్కు మిగిలే ఉంది. మన దేశంలో పునర్జన్మను నమ్మేవాళ్ళు కోట్లమంది. యుగాంతం గురించి చెప్పే స్వాములకు కొదవలేదు. తెలంగాణలో బాణామతి చేసిందని ముసలమ్మను కొట్టి చంపిన ఊళ్ళున్నాయి. ఆ చంపినవాళ్ళూ నమ్మే చంపినారు. మూఢనమ్మకాన్ని జబ్బుగా లెక్కగడితే వాళ్ళందరికీ జైలు తలుపులు తెరవాల్సొస్తుంది.

వైద్యురాలు: అక్కడే గీత గీయాలి. బాణామతి నమ్మకం ఊరిది. ఊరంతా మోసే నమ్మకాన్ని చంపినవాడు అరువు తెచ్చుకున్నాడు. వాడికి నిద్ర, తిండి, లెక్కాపత్రం అన్నీ సరిగానే ఉంటాయి. పోలీసులొస్తే పరుగెత్తుతాడు. భ్రమ దానికి విరుద్ధంగా ఉంటుంది. అదే దేవుణ్ణి కొలిచే ఇరుగుపొరుగు సైతం ఆ మాట విని నివ్వెరపోతారు. భ్రమతో పాటు నిద్ర పోతుంది, మాట తీరు మారుతుంది, లేని గొంతులు వినిపిస్తాయి, తానే దైవమన్న ధోరణి వస్తుంది. ఒక్క నమ్మకాన్ని పట్టుకొని ఎవరూ జబ్బని తేల్చరు. ఈ లక్షణాలన్నీ కలిసొచ్చాయా, ఎప్పటినుంచి ఉన్నాయి, మందులకు లొంగుతున్నాయా అని రోజుల తరబడి చూసి తేలుస్తారు.

ఫ్యాక్షన్: జబ్బు లేని హత్య

ప్రాసిక్యూటరు: మదనపల్లెలాంటివి వేళ్ళమీద లెక్కబెట్టొచ్చు. మా వైపు హత్యలను చూడండి. ఎదుటి వర్గం మనిషి ఏ వేళకు ఏ దారిన పోతాడో రోజుల తరబడి కాపు కాసి తెలుసుకుంటారు. కల్వర్టు కాడనో మలుపు కాడనో బండి నెమ్మదించే చోటు చూసుకుంటారు. ముందు నాటుబాంబులేస్తారు. పొగలో బండి ఆగినాక వేటకొడవళ్ళతో దిగుతారు. 1998 మే 23న పులివెందుల నాయకుడు వై.ఎస్. రాజారెడ్డిని బాంబులేసి చంపిన తర్వాత ఈ ప్రాంతం ఎంత అట్టుడికిందో చూసినవాళ్ళింకా ఉన్నారు. సాక్షి చెప్పబోయేలోపే అడ్డం తిరుగుతాడు. కేసులో ఇరికించడానికి ఎవరి పేరు రాయించాలో కూడా ముందే అనుకుంటారు. ఇంత లెక్క ఉన్న చోట పిచ్చి ఎక్కడుంది?

వైద్యురాలు: ఎక్కడా లేదు సార్. మానసిక వైద్యం ఒప్పుకునే మొదటి సత్యమే అది. హంతకుల్లో ఎక్కువమందికి తీవ్రమైన మానసిక జబ్బు ఉండదు. మానసిక జబ్బున్నవాళ్ళలో అత్యధికులు ఎవరి జోలికీ పోరు, వాళ్ళే ఇతరుల చేతిలో దెబ్బలు తింటారు. వైద్యం అందని ఉన్మాద స్థితి, దానికి తోడు తాగుడు ఉన్నప్పుడు ప్రమాదం పెరిగే మాట నిజమే. మొత్తం హత్యల్లో అది చిన్న భాగం. అయితే జబ్బు లేదంటే అక్కడితో మనసు పని అయిపోయినట్టు కాదు. పొలం పని చేసుకునే మనిషి కొడవలితో ఇంకొక మనిషిని ఎట్లా నరకగలుగుతున్నాడు? ఇది కూడా మనస్తత్వ శాస్త్రం ప్రశ్నే.

ప్రాసిక్యూటరు: డబ్బు, భయం, పగ. ఇంకేం కావాల?

వైద్యురాలు: అవి కారణాలు. ఆ కారణాలు చేతిలోకి ఎట్లా దిగుతాయో చూడాలి. ఆల్బర్ట్ బందూరా అనే మనస్తత్వవేత్త, మనిషి తన నీతిని తానే పక్కనబెట్టే మార్గాలను వివరించాడు. ‘పెద్దాయన చెప్పినాడు’ అనుకుంటే బాధ్యత పైవాడిది. పదిమంది పది వేట్లు వేస్తే ప్రాణం తీసిన వేటు ఎవరిదో తేలదు, అందువల్ల ఎవరి మనసూ దాన్ని తన వేటుగా మోయదు. ‘వాళ్ళు మనోణ్ణి చంపినారు’ అన్న పాత లెక్క కొత్త హత్యను న్యాయంలాగ చూపిస్తుంది. క్రిస్టఫర్ బ్రౌనింగ్ అనే చరిత్రకారుడు జర్మనీలోని 101వ రిజర్వ్ పోలీసు బెటాలియన్ గురించి 1992లో పుస్తకం రాశాడు. హాంబర్గ్ నుంచి వెళ్ళిన నడివయసు మామూలు మనుషులు పోలండ్‌లో వేలమంది యూదులను కాల్చారు. తప్పుకునే అవకాశం ఇచ్చినా తప్పుకున్నవాళ్ళు కొద్దిమందే. పక్కవాళ్ళ ముందు పిరికివాడిగా కనిపించకూడదన్న బరువు వాళ్ళ చేత ఆ పని చేయించింది. వర్గం మధ్య పెరిగిన కుర్రాడి మీద ఉండే బరువూ అటువంటిదే.

ప్రాసిక్యూటరు: మీ వివరణ మెల్లగా క్షమాపణ వైపు జారుతోంది. చట్టానికి ఈ గుంపు సంగతి తెలుసు. చట్టవిరుద్ధంగా గుమికూడి ఒకే ఉద్దేశంతో చేస్తే ప్రతి ఒక్కరూ ఆ నేరానికి బాధ్యులే. పాత 149వ సెక్షన్, ఇప్పటి 190. వెనకుండి నడిపినవాడికి కుట్ర నేరం. పదిమందికి పంచుకున్న బాధ్యతను మేం పదిమందికీ పూర్తిగా తిరిగి అంటగడతాం.

వైద్యురాలు: అంటగట్టాల్సిందే. వివరణ ముద్దాయికి మినహాయింపు ఇవ్వదు, తర్వాతి హత్యను ఆపడానికి పనికొస్తుంది. సీమ మనిషి రక్తంలోనే కక్ష ఉందనే మాటకు సినిమాలు కావలసినంత ప్రచారమిచ్చాయి. అది నిజమైతే గత రెండు దశాబ్దాల్లో ఫ్యాక్షన్ హత్యలు ఇంతగా ఎందుకు తగ్గాయి? జనం అదే జనం. మారింది చుట్టూ ఉన్న పరిస్థితి.

ప్రాసిక్యూటరు: మారింది కేసులు గట్టిగా పెట్టినందువల్ల. బాంబులు దొరికిన చోటల్లా అరెస్టులు చేసినందువల్ల.

వైద్యురాలు: దానితోబాటు పిల్లలు కాలేజీలకు పోయినందువల్ల, కువైట్‌కు పోయి నాలుగు రాళ్ళు సంపాదించినందువల్ల, చీనీ తోటకు నీళ్ళు పెట్టుకునే మనిషికి పగ మోయడం దండగని తేలినందువల్ల కూడా. మానవ హక్కుల నాయకుడు కె. బాలగోపాల్ సీమ ఫ్యాక్షన్లను ఆధిపత్యం, కాంట్రాక్టులు, గనుల చుట్టూ తిరిగే రాజకీయంగా చూశారు. హింస స్వభావంలో ఉంటే మారదు, అవసరంలో ఉంటే అవసరంతోపాటు పోతుంది. పోనిది ఒకటుంది. తండ్రిని కళ్ళముందు నరుకుతుంటే చూసిన పిల్లవాడి రాత్రులు. ఆ పిల్లవాడిని ఏ కోర్టూ పిలవదు, ఏ డాక్టరూ చూడడు. ఇరవై ఏళ్ళకు అతను ముద్దాయిగా వస్తే అప్పుడు అందరూ అతని మనసు గురించి అడుగుతారు.

జాలి లేని మనసు

ఫ్యాక్షన్‌కూ మదనపల్లెకూ చెందని మూడో రకం హత్యలున్నాయి. ఏలూరు కేంద్రంగా 2018, 2019లో సయనైడ్ కలిపిన ప్రసాదం పెట్టి పదిమందిని చంపినట్టు పోలీసులు తేల్చిన కేసు ఒకటి. సంపద కలిసొస్తుందని ఆశపెట్టి, నమ్మినవాళ్ళ డబ్బూ నగలూ కాజేయడం అందులో పద్ధతి. వరంగల్ దగ్గర గొర్రెకుంటలో 2020 మేలో బావిలో తొమ్మిది శవాలు తేలిన కేసు రెండోది. ముందు చేసిన ఒక హత్యను కప్పిపెట్టడానికి తిండిలో నిద్రమాత్రలు కలిపి తొమ్మిదిమందిని బావిలో పడేసిన ముద్దాయికి వరంగల్ కోర్టు అదే ఏడాది అక్టోబరులో మరణశిక్ష వేసింది.

ప్రాసిక్యూటరు: ఇటువంటివాళ్ళను పత్రికలు సైకో అంటాయి. మీ శాస్త్రం కూడా ఆ పేరును ఒప్పుకుంటుంది కదా?

వైద్యురాలు: పత్రికలు రెండు వేర్వేరు స్థితులను ఒకే పేరుతో పిలుస్తున్నాయి. ఉన్మాదంలో మనిషికి వాస్తవంతో సంబంధం తెగుతుంది. సైకోపతిలో అది చెక్కుచెదరదు, తెగేది తోటి మనిషి బాధతో సంబంధం. అమెరికా వైద్యుడు హెర్వీ క్లెక్లీ 1941లో దీన్ని వివరంగా వర్ణించాడు. కెనడాకు చెందిన రాబర్ట్ హేర్ తర్వాత 20 అంశాల కొలమానం తయారుచేశాడు. ఒక్కో అంశానికి సున్నా నుంచి రెండు దాకా, మొత్తం 40. అబద్ధం అలవోకగా ఆడటం, పశ్చాత్తాపం లేకపోవడం, ఇతరుల మీద ఆధారపడి బతకడం, చిన్ననాటినుంచే చెడునడత అందులో కొన్ని. ఇటువంటి మనిషికి తాను చేసేది తప్పని పూర్తిగా తెలుసు. 22వ సెక్షన్ అతనికి వర్తించదు, వర్తించాలని వైద్యులూ అడగరు. ఏలూరు, గొర్రెకుంట కేసుల్లోని మనుషులు ఆ కొలమానంలో ఎక్కడుంటారో పరీక్ష లేకుండా చెప్పకూడదు. బయటికి కనిపించే ఉద్దేశాలు మాత్రం డబ్బు, పాత నేరాన్ని దాచుకోవడం. సైకో అన్న పేరు వాడినప్పుడల్లా నష్టపోయేది, బుద్ధిగా మందులు వేసుకుంటూ బతికే రోగి. అద్దెకు ఇల్లివ్వరు, పిల్లనివ్వరు.

నటనను పట్టుకోవడం

ప్రాసిక్యూటరు: జబ్బు లేనివాడు ఉన్నట్టు నటిస్తే? బెయిలు రాకపోతే పిచ్చి వచ్చే ముద్దాయిలకు జైళ్ళలో కరువులేదు.

వైద్యురాలు: నటుడు జబ్బును చాటుకుంటాడు, రోగి దాచుకుంటాడు. మొదటి తేడా అదే. ఒకడు గొంతులు వినిపిస్తున్నాయంటాడు. ఆడగొంతా మగగొంతా, తల లోపలినుంచా కిటికీ బయటినుంచా, అవి వచ్చినప్పుడు ఏం చేస్తే తగ్గుతాయి అని అడుగుతాం. నిజంగా బాధపడేవాడు రేడియో పెట్టుకుంటాననో, చెవులు మూసుకుంటాననో, పక్కవాళ్ళతో మాట్లాడతాననో చెబుతాడు. నటుడు తడబడతాడు. లేదా గొంతులు ఎప్పుడూ ఆగవంటాడు, ప్రతి ఆజ్ఞనూ పాటించాల్సిందేనంటాడు. రెండూ రెండూ ఎంతంటే ఐదనే మనిషి, బీడీకి చిల్లర మాత్రం సరిగ్గా లెక్కపెట్టుకుంటాడు. వార్డులో నర్సులు రాత్రి రెండింటికి రాసే నోట్సు ఇక్కడ విలువైన సాక్ష్యం. డాక్టరు ముందు కాసేపు నటించొచ్చు. పదిరోజులు నిద్రపోకుండా నటించడం ఎవరి తరమూ కాదు.

ప్రాసిక్యూటరు: అంత తతంగమెందుకు, నార్కో పరీక్ష చేస్తే అయిపోతుంది కదా అని జనం అడుగుతారు. ఆ దారిని 2010 మే 5న సెల్వి కేసులో సుప్రీంకోర్టు మూసింది. ముద్దాయి ఒప్పుకోకుండా నార్కో, పాలిగ్రాఫ్, మెదడు తరంగాల పరీక్ష చేయకూడదు. తన మీద తనచేత సాక్ష్యం చెప్పించకూడదన్న రాజ్యాంగ హక్కుకు అది విరుద్ధం.

వైద్యురాలు: వైద్యం కూడా ఆ తీర్పు వైపే ఉంది. నార్కో పరీక్షలో ఎక్కించే పెంటోథాల్ మత్తులో మనిషి నోరు వదులవుతుంది, అబద్ధమాడే శక్తి పోదు. అడిగేవాడు సూచించిన మాటనే తన జ్ఞాపకంగా చెప్పే ప్రమాదమూ ఉంది.

విచారణ, శిక్ష, వైద్యం

ప్రాసిక్యూటరు: ముద్దాయికి ఈ రోజు మతి సరిగా లేకపోతే విచారణ ఆపాల్సిందే. విచారణ పద్ధతి చెప్పే భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో 27వ అధ్యాయం, 367 నుంచి 378 దాకా ఉన్న సెక్షన్లు ఇందుకే. మదనపల్లెలాంటి కేసు ఏళ్ళతరబడి సాగినా చట్టం తప్పు కాదు. తన లాయరుకు ఏం చెప్పాలో తెలియని మనిషిని విచారిస్తే అది విచారణ కాదు.

వైద్యురాలు: ఆపడం సబబే. ఆపి మరిచిపోవడం ఘోరం. అస్సాంలో 1951లో అరెస్టయిన ఒక మనిషిని మానసిక వైద్యశాలకు పంపి, విచారణే లేకుండా 2005 దాకా నిర్బంధంలో ఉంచారు. అతని జబ్బు ఎప్పుడో నయమైనా అడిగేవాళ్ళు లేకపోయారు. 22వ సెక్షన్ కింద నిర్దోషులుగా తేలినవాళ్ళూ నేరుగా ఇంటికి పోరు. వాళ్ళను సురక్షిత నిర్బంధంలో ఉంచమని గానీ, పూచీ తీసుకొని బంధువులకు అప్పగించమని గానీ కోర్టు చెబుతుంది. తప్పించుకునే దొడ్డిదారి అని అనుకునేవాళ్ళకు ఈ సంగతి తెలియదు.

ప్రాసిక్యూటరు: శిక్ష దగ్గర మాత్రం మీ వాదానికి కోర్టులు దగ్గరగా వచ్చినాయి. మరణశిక్ష పడ్డవాడికి తీవ్రమైన మానసిక జబ్బుంటే శిక్ష తగ్గించాలని 2014లో శత్రుఘ్న చౌహాన్ కేసులో సుప్రీంకోర్టు అన్నది. ఉరిశిక్ష వేసేముందు ముద్దాయి మానసిక నివేదిక తెప్పించుకోవాలని 2022లో మనోజ్ కేసులో చెప్పింది. ఛత్తీస్‌గఢ్‌లో ఇద్దరు కూతుళ్ళను చంపిన తల్లి, ఏదో కనపడని శక్తి తనను ఆవహించిందన్నది. 2025 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు ఆమె నేరాన్ని హత్య నుంచి హత్యగా పరిగణించని ప్రాణహరణకు తగ్గించి, అప్పటికే అనుభవించిన జైలు చాలని వదిలింది.

వైద్యురాలు: ఆ తీర్పుకు ముందు ఆమె తొమ్మిదేళ్ళకు పైగా జైల్లో ఉంది. చంపిన మొదటి వారంలో మానసిక వైద్యుడు చూసివుంటే సాక్ష్యం తాజాగా దొరికేది. ఏళ్ళు గడిచాక చూసే డాక్టరు, మానిన గాయాన్ని చూసి దెబ్బ ఎట్లా తగిలిందో చెప్పాల్సి వస్తుంది. అందుకే వైద్యవర్గం మొదట అడిగేది ఇది. వింత నడత కనిపించిన ప్రతి హత్య కేసులోనూ అరెస్టయిన కొద్దిరోజుల్లోనే పరీక్ష జరగాలి.

ప్రాసిక్యూటరు: దానికి ప్రాసిక్యూషన్ అడ్డు చెప్పదు. జబ్బు అబద్ధమైతే అప్పుడే తేలిపోతుంది, నిజమైతే నిర్దోషికి ఉరి బిగించిన పాపం మాకంటదు. నివేదిక ఎంత గట్టిదైనా తీర్పు జడ్జిదే కావాల. మనిషి బాధ్యుడా కాదా అన్నది ప్రయోగశాలలో తేలే సంగతి కాదు.

వైద్యురాలు: బాధ్యత తేల్చే అధికారం వైద్యం కోరడం లేదు. ఆ క్షణంలో ఆ మనసు ఎట్లా పనిచేసిందో చెప్పే అవకాశం కోరుతోంది. ‘తెలుసా’ అన్న పాత ప్రశ్న పక్కన ‘అదుపుందా’ అన్న ప్రశ్నను కూడా చట్టం చేర్చాలని అడుగుతూనే ఉంటుంది.

ప్రాసిక్యూటరు: ఆ రెండో ప్రశ్నను చేర్చితే కోపం ఆపుకోలేకపోయినానన్న ప్రతివాడూ దాని వెనక దాక్కుంటాడు. అక్కడ మాత్రం పూర్వపక్షం కదలదు.

ఈ ఒక్క భేదం తప్ప మిగతా విషయాల్లో రెండు పక్షాలూ కలుస్తాయి. ఫ్యాక్షన్ హత్యకు జబ్బు పేరు పెట్టకూడదు, కూలి కత్తినీ వెనకున్న పెద్దనూ చట్టం ఒకేలా పట్టుకోవాలి. ఉన్మాదంలో జరిగిన హత్యకు పగ రంగు పులమకూడదు, ఆ మనిషి ఉండాల్సింది వైద్యశాలలో. ఏది ఏదో విడదీయడానికి కావలసినవి తొందరగా జరిగిన పరీక్ష, జైల్లో క్రమంగా చూసే వైద్యుడు, ఆగిన విచారణను గడువు ప్రకారం తిరిగి అడిగే కోర్టు. చనిపోయినవాళ్ళ కుటుంబాలకు న్యాయం జరగాలన్నా ఈ మూడూ అవసరమే, ఎందుకంటే తప్పు మనిషికి వేసిన శిక్ష వాళ్ళ నష్టాన్ని కూడా తీర్చదు.